తిర్లమర్ల అక్షరం

నిజ్వా సంతల మేకల బేరం సద్దుమణిగినంక
మాజిద్ వచ్చిండు, దుప్పట్ల చుట్టిన తుపాకితోని.
నిద్రవోయిన పిల్లను దించినట్టు బల్ల మీద దించి
"రాజలింగం, దీన్ని అసలు తీరుకు తేవాలె,
ఫ్యాక్టరీల పుట్టిన్నాడు ఎట్లుండెనో అట్ల" అన్నడు.
మస్కట్‌ల కొత్తిల్లు కట్టిండట.
మజ్లిస్ గోడకు అద్దాల పెట్టె సుత చేయించిండట.

ఒంటితూటా మార్టినీ.
కింద లివరు దించితే నోరు తెరుస్తది,
ఒక్క తూటా మింగి మూసుకుంటది.
రెండోది కావాల్నంటే మళ్ల మొదటికెల్లి.

పదకొండు రోజులు పట్టింది.
మొదలు వెండిపట్టీలు ఇప్పిన, ఏడు.
పట్టీ పట్టీ కింద కట్టె లేతగున్నది,
గడియారం తీసినంక మణికట్టు తీరు.
మేకతోలు వారు కోసిన.
లోపల నల్లటి పొర: చెమట, నెయ్యి, ఖర్జూరపు జిగురు,
ఎవని చెంపదో ఏండ్లకేండ్ల జిడ్డు.
గీకుకుంట గీకుకుంట
ఒక్కకాడ చెయ్యి ఆగింది. మళ్ల గీకిన.

సొట్టల మీద తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె ఆనిస్తే
సుయ్యిమని కట్టె పొంగింది.
గొట్టంల గ్యాసునూనె పోసి రెండు రాత్రులు నిలవెట్టి
తుడిచి, ఎలుగుకు పట్టి కన్ను ఆనిచ్చిన:
మెలికలు తిరిగిన గాడులు,
వాటి చివర చిటికెనేలు గోరంత ఆకాశం.

ఇగ కుడిపక్క తుప్పు కిందికెల్లి
ఓ కిరీటం తేలింది. దాని కింద ఏడాది.
దాని కింద ఇంగ్లీషు పేరు, ఎన్‌ఫీల్డ్ అని.
నాది ఏడో తరగతి ఇంగ్లీషే, అయినా తెలుస్తది గద,
ఎన్ తిర్లమర్లున్నది.
నడిమి గీత అటు వాలాల్సింది ఇటు వాలింది.

కంజర్ల ఒరలు కుట్టే దుర్‌మహమ్మద్‌ను పిలిచిన.
బలోచీ ముసలోడు, అద్దాలు నెత్తిమీదికి తోసి
చిగుర్లు కనవడేటట్టు నవ్విండు.
"విలాయతుది గాదు భాయ్,
కొండల్ల మట్టికొలిమి కాడ పుట్టింది ఇది.
అసలుదాన్ని ముందల పెట్టుకొని ఆకురాయితోని దించిండ్రు."

అంటే ఎవడో ఒక కమ్మరి.
చదువు రానోడు, అక్షరాన్ని బొమ్మ లెక్క చెక్కినోడు.
కిరీటమైతే మంచిగనే దించిండు,
కొంచెం కోడిజుట్టు లెక్కున్నది, అంతే.

మెట్‌పల్లిల కర్రు సరిపించే మా బాపు
సంతకం చెయ్యమంటే సుత్తె బొమ్మ గీసేటోడు.
నేను చదువుకున్నోన్ని.
బొంబాయి ఏజెంటు బల్ల కాడ అరబ్బీ కాయితం
కిందిమీద వట్టుకొని సంతకం చేసిన.
ఎవ్వడు ఏమనలే. వీసా వచ్చింది.

అక్షరాలు అరిగినయి, లోతుగ చెక్కమన్నడు మాజిద్.
ఉలి అందుకున్న.
ఎన్‌ను సక్కజేసుడు ఎంత పని, మూడు దెబ్బలు.
కిటికీల ఖిల్లా బురుజు ఎండకు మండుతున్నది.
ఉలి మొన ఆ గీత మీద పెట్టిన, తీసిన,
చాయ్ తాగొచ్చి మళ్ల పెట్టిన.
అసలు తీరు అన్నడు గద.
అది ఎటు వాలిందో అటే కొట్టిన,
వాని చెయ్యి ఎంత ఒత్తిందో అంతే ఒత్తి.

జుమ్మా నాడు తాత హిలాల్‌ను సుత తోలుకొచ్చిండు.
మనుమడు ఫోన్ల ఫోటోలు తీసుకుంటుంటే
ముసలాయనతోని మెల్లగ అన్న, ఇది నకలు అని.
ఆయన లివరు దించి, చూసి, మూసిండు.
"మా తాత దీనికి రెండు ఒంటెలిచ్చిండు.
పేలిందా అని అడుగు" అన్నడు.
పేలిందా అని అడిగిన.
జవాబియ్యలే. పట్టీలేవి అన్నడు.
బిస్కిట్ల డబ్బ ఇచ్చిన. రెండుసార్లు లెక్కవెట్టి
డిష్‌డాషా జేబుల ఏసుకున్నడు.

వాళ్లు వోయినంక చూసుకుంటే
కట్టె మీదికెల్లి గీకిన నల్లటి పొడి
పాత పేపరు మీద, గుప్పెడంత.
చెత్తల వెయ్యబుద్ధిగాలే.
దాచుడెందుకో సుత తెలువలే.
రెండురోజులు అట్లనే బల్ల మీద ఉంచిన.
మూడోనాడు ఉక్కపోస్తుందని
దుర్‌మహమ్మద్ ఫ్యాను ఏసిండు.